పాల లెక్క

ఆ కారుకి ఇంజను ఒకడిది, చక్రాలు ఇంకొకడివి,
ఒళ్లు మాత్రం వెంతూరి అన్నదమ్ములది.
మొదేనా ఊళ్లో రైలుకట్టని ఆనుకున్న షెడ్డులో
మొత్తం ముప్పైఒక్క ఒళ్లు చేశారట,
అచ్చులు లేకుండా, చెట్టు మొద్దు మీద, ఇసక సంచి మీద,
సుత్తితో.
యుద్ధంలో విమానాల రెక్కలకి అతుకులేసిన చేతులు.
రెక్కలతో పని తీరిపోయాక
అదే రేకుని నేల మీద పరిగెత్తించారు.

ఇదంతా నాకు నిన్న తెలిసింది.
అరవై రెండులో తెలిసింది ఇంతే:
షోలవరం రన్‌వే చివర గడ్డిమోపుల్ని చీల్చుకుని
కాలవగట్టుని గుద్దుకున్న ఎర్ర కారొకటి
లారీ ఎక్కి పుదుపేటకొచ్చింది,
సగం ముక్కుతో.

మా నాన్న కమ్మోజు అప్పలాచారి.
బొబ్బిలి నుంచి ఇత్తడి బిందెల విద్య మోసుకొచ్చి,
సత్తు గిన్నెలు ఆ బిందెల్ని తరిమేశాక
బస్సుల మడ్‌గార్డుల పాలబడ్డవాడు.
పొట్ట కొట్టిన సత్తురేకే
ఇప్పుడు ఒళ్లు విరిగి ఎదురుగా పడుంది.
దాని చుట్టూ మూడు సార్లు తిరిగాడు.
ప్రదక్షిణం కాదు, అగ్గిపెట్టె ఎక్కడ పెట్టాడో వెతుక్కుంటూ.

"సత్తు మూగదే" అన్నాడు నాతో,
"ఎంత కాగిందో చెప్పదు. ఎర్రబడదు. ఉన్నట్టుండి కారిపోద్ది."
అందుకని రేకంతా బట్టల సబ్బు రాయించేవాడు.
సబ్బు గోధుమరంగు దాటి నల్లబడగానే
నేను "నాన్నా" అనాలి, ఆయన మంట తీయాలి.
పదకొండేళ్లకి నా ఉద్యోగం అది.
కొలతల్లేవు. మిగిలిన ఎడం చెంప మీద
కళ్లు మూసుకుని అరచెయ్యి నడిపించి,
బియ్యంలో రాయి తగిలినట్టు ఒకచోట ఆగి,
కుడివైపుకొచ్చి ఆ చోటే కొట్టేవాడు.
ఠక్. ఠక్. కూవం వాసన. ఠక్.

ఆరోనాడు తలుపు లోపలి రేకు విప్పితే
పెన్సిలు రాత.
ఒకదాని కింద ఒకటి అంకెలు, అడ్డగీత, మొత్తం,
అది కొట్టేసి పక్కన మళ్లీ ఇంకో మొత్తం.
పక్కనున్న మాటలు ఏ భాషో తెలీదు. అంకెలు తెలుసు.
చాలాసేపు చూసి నవ్వాడు నాన్న:
"ఈడికీ నెలాఖరేనే."

చెరపలేదు. చెవి మీది పెన్సిలు తీసి
దాని కిందే మా పాల లెక్క వేశాడు.
కుప్పమ్మాళ్‌కి ఇవ్వాల్సింది, రోజుకి అర పడి,
తమ్ముడికి అమ్మవారు పోసి మానేసిన నాలుగు రోజులు తీసేసి.
రేకు మూసి రివెట్లు కొట్టేశాడు.

ఫిబ్రవరిలో ఆ కారు మళ్లీ పరిగెత్తిందట.
మేం చూళ్లేదు. టిక్కెట్టు రెండు రూపాయలు.

నిన్న, పుదుపేటంతా అడిగి అడిగి నన్ను పట్టుకుని
సముద్రం రోడ్డులో ఒక ఏసీ గోడౌనుకి తీసుకెళ్లారు.
మొదేనా నుంచి వచ్చిన పెద్దాయన, చేతిలో టార్చి.
ముప్పైఒక్కటిలో ఇరవైతొమ్మిది దొరికాయి, ఇది ముప్పయ్యోది అన్నాడు.
ముక్కు మీద వేళ్లతో తట్టి పెదవి విరిచాడు:
ఇది మావాళ్లది కాదు. ధరలో ఇంత కోత.
తలుపు విప్పాక మాత్రం
మోకాళ్ల మీద కూలబడిపోయాడు.
చిన్న వెంతూరి చేతిరాతట అది.
మరి కింద ఉన్నది? ఏ రేసు? ఎన్ని సెకన్లు?
"పాలు" అన్నాను.
రాసుకున్నాడు. ఏ గడిలో రాశాడో చూళ్లేదు.

నా చూపు అంకెల మీద ఉంది.
పైవాడు తప్పు పోయి, కొట్టేసి, దిద్దుకున్నాడు.
మా నాన్న పైసల వరసలో
ఏడూ తొమ్మిదీ పదహారని ఆరు వేసి
ఒకటి పక్కకి ఎక్కించడం మర్చిపోయాడు.
పెన్సిలుందా అని అడిగితే
ముట్టుకోకూడదమ్మా అన్నారు.

కుప్పమ్మాళ్‌కి మేం
ఇంకా ఒక రూపాయి బాకీ.