ఎదురు వీధి మెట్లు

రాత్రి రెండున్నరకి ఫోను మోగిందంటే
అది నాకే.
నెబ్రాస్కాలో, ఇసుకదిబ్బల అంచున మా కౌంటీలో
కేసులు పెట్టే చెయ్యే
చావు కాగితం మీదా సంతకం చెయ్యాలి.
డాక్టరు తొంభై మైళ్ల అవతల.
నేను పదకొండు మైళ్లలో దొరుకుతాను.

రాత్రి బట్టల మీదే కోటు తగిలించుకుని వెళ్లాను.
ఉక్కు గాదెలో, మొక్కజొన్న ఊబిలోంచి
ఒర్విల్ స్టెపానెక్‌ని పైకి తీస్తున్నారు.
చెవుల్లో గింజలు, జేబుల్లో గింజలు,
చొక్కా కాలరు మడతలో గింజలు.
టైము రాశాను. చలి ఎంతుందో రాశాను.
"ప్రమాదం" అని రాయబోతూ ఆగి
నిచ్చెన కింద నిలబడ్డ అల్లుడి చేతులు చూశాను,
గోళ్ల దాకా.
ఓదార్చడానికి పాదిరి ఉన్నాడు, పక్కింటివాళ్లున్నారు.
అనుమానించడానికి అక్కడ జీతం పుచ్చుకుంటున్నది
నేనొక్కదాన్నే.
తర్వాత "ప్రమాదం" అనే రాశాను.

తొమ్మిదింటికి కౌంటీ బోర్డు.
కంకర ఎవరి డబ్బుతో పొయ్యాలి,
చెక్క వంతెన విరిగి వాగులో పడ్డ ట్రాక్టరుకి
మనం జవాబుదారులమా.
ఛైర్మన్ లూథర్ మూడో నెలా అదే అడిగాడు.
"చట్టం ఇంకా మారలేదు లూథర్" అన్నాను.
"అడిగితే తప్పేముంది మార్లిస్" అన్నాడు.
అది మినిట్స్‌లో కూడా ఎక్కింది.

మధ్యాహ్నం డెప్యూటీ హార్లో వచ్చి
టోపీ నా బల్ల మీద పెట్టాడు,
టోపీ కింద వీడియో ఉన్న చిన్న చిప్పు.

కేసు: రాష్ట్రం వర్సెస్ కోల్బీ ర్యాన్స్‌డెల్.
రైతు సహకార సంఘం తాళం విరిగింది,
వెల్డింగ్ యంత్రం ఒకటి, జీనులు మూడు పోయాయి.
వాడి తండ్రిని నేనే రెండుసార్లు జైలుకి పంపాను.
ఊరంతా వాడే అంటోంది.
ఆ ఊరే రేపు జ్యూరీలో కూర్చుంటుంది.
నేనూ లోపల్లోపల వాడే అనుకుంటూ వచ్చాను,
ఎవరికీ చెప్పలేదు గానీ.

వీడియోలో, నలభై మైళ్ల అవతల పెట్రోలు బంకులో,
తాళం విరిగిన అదే గంటలో,
కాలిన చొక్కా చేతితో ఒకడు డీజిలు పోయించుకుంటున్నాడు.
ముఖం సగమే.
ఆ సగం కోల్బీలాగే ఉంది.

"అవతలి లాయరు దీన్ని అడగలేదు" అన్నాడు హార్లో,
గోడ మీద క్యాలెండరుతో మాట్లాడుతున్నట్టు.

నవంబరులో ఎన్నికలు.
ఒమాహా నుంచి వచ్చిన కుర్రాడు
ప్రతి పచ్చిక మీదా తన పేరు గుచ్చేశాడు,
కింద ఎర్రక్షరాల్లో: దొంగలకి దయ లేదు.
ఈ చిప్పు నా సొరుగులోనే ఉండిపోతే
నాలుగు రోజుల్లో తీర్పు నాదే.
ఒప్పుకుంటాను, సొరుగు తెరిచాను.
అందులో స్టేపుల్ పిన్నులు, దగ్గు బిళ్లలు,
ముప్పై ఏళ్ల కింద ప్రమాణం చేసినప్పటి పెన్ను,
అదెప్పుడో ఎండిపోయింది.
సొరుగు మూశాను.

వీధి దాటి, ఇనప సామాన్ల కొట్టు పక్క నుంచి
పైకి పద్దెనిమిది మెట్లు.
నా మోకాలికి పన్నెండో మెట్టు దగ్గర కోపం వస్తుంది.
డెల్బర్ట్ మార్ష్ డబ్బాలోంచి చేపలు తింటున్నాడు.
కోర్టు నియమించిన లాయరు, గంటకింత.
చిప్పు అతని పేపరు న్యాప్‌కిన్ మీద పెట్టి
అందినట్టు సంతకం పెట్టించుకున్నాను.
సంతకానికి నూనె అంటింది.
అతను ఏమీ అనలేదు.
కుర్చీ మీది ఫైళ్లు కింద పెట్టి
"కూర్చో, కాఫీ నిన్నటిదే" అన్నాడు.
తాగాను. నిన్నటిదే.

శుక్రవారం కేసు వెనక్కి తీసుకున్నాను.
కోల్బీ నాకు థాంక్స్ చెప్పలేదు.
ఎందుకు చెప్పాలి?
నా జేబులోంచి తీసి ఇచ్చిందేమీ లేదు.
జీనులు ఇంకా దొరకలేదు.
సహకార సంఘం మేనేజరు కిరాణా కొట్లో నన్ను చూసి
పాల సీసాల వైపు తిరిగాడు,
చాలాసేపు తారీఖులు చదివాడు.

ఇంటి ముందు తాళంచెవి కోసం కోటు జేబు తడిమితే
మొక్కజొన్న గింజ తగిలింది.
ఒర్విల్‌ది.
పారెయ్యాలో, వాళ్లావిడకి ఇవ్వాలో,
ఏ చట్టంలోనూ లేదు.
దాన్ని కిటికీ అంచు మీద పెట్టి
ఫోను ఛార్జింగుకి పెట్టి పడుకున్నాను.