ఫ్రిజ్‌లో మూడో అర

నాలుగు రోజులుగా మా ఫ్రిజ్‌లో మూడో అర
ఆసుపత్రి.

పైన రొట్టెల మూట, కింద ఉడికిన నల్ల చిక్కుళ్లు,
మధ్యలో, మూత వదులుగా పెట్టిన డబ్బాలో
మీగడ రంగు ఆక్సొలాటల్.
తెయో దాన్ని నాటా అంటాడు.
ఫాకుందో బీరు కోసం తలుపు తీసి
"ఇది వంటిల్లా, శవాల గదా" అంటాడు.
అని,
చప్పుడు కాకుండా మూస్తాడు.

సోమవారం పొద్దున అది పైకి తేలింది
గాలి నింపిన చేతి తొడుగులా, ఓ పక్కకి ఒరిగి.
తోక కొస కొక్కెంలా వంగింది.
మొప్పల కుచ్చులు ముఖం మీద పడ్డాయి
వెనకనుంచి గాలి తోస్తున్న మనిషి జుట్టులా.
వానపాము ముక్క ముందు ఆడించినా
అటు చూడలేదు.
రెప్పల్లేని కళ్లు. నిద్రో నొప్పో చెప్పవు.

పదిహేడేళ్లు కుట్టుమిషన్లు బాగుచేశాను,
దారం ఎక్కడ చిక్కుకుందో చప్పుడు విని చెబుతాను.
దీనికి చప్పుడే లేదు.

డాక్టర్ సౌసెదో గాజుగిన్నె కింద టార్చి పెట్టింది.
పల్చటి పొట్టలో దీపం వెలిగినట్టై
నడిమధ్య ఒక నల్లచుక్క.
"రాయి మింగింది."
కోయాలా?
"తొందరేం లేదు. చలి, పస్తు, రోజూ కొత్త నీళ్లు."
అంటే లంఖణం పరమౌషధమే,
కాకపోతే ఆరు డిగ్రీల దగ్గర.

ఇస్తపలాపాలో మా వీధికి నీళ్లు
ట్యాంకరులో వస్తాయి, వచ్చినప్పుడు.
క్లోరిన్ విరిగేదాకా మెట్లమీద బకెట్లు, ముందురోజే.
ఈ వారం నేను తలంటుకోలేదు.

బుధవారం ఎడమ మొప్ప మీద
దూది పింజంత బూజు.
ఉప్పునీళ్లలో పది నిమిషాలు.
తెయో గడియారం పట్టుకుని కూచున్నాడు,
పదకొండో నిమిషం మందు కాదని
ఆమె చెప్పిన మాట
వాడి తొమ్మిదేళ్ల మెదడులో మేకులా దిగింది.

గురువారం రాత్రి రెండింటికి నీళ్లు మార్చబోతే
డబ్బా అడుగున,
శనగ గింజంత,
నీలి రాయి.

అరకిలో ముప్పై పెసోలు.
తొట్టి అడుగు బోసిగా ఉందని
సంతలో నేనే ఏరి కొన్నాను.
డాక్టరు అడగలేదు. తెయోకి తెలియదు.
సింకు దగ్గర నిలబడి దాన్ని
ఎందుకో సబ్బుతో కడిగాను.

శుక్రవారం రాళ్లన్నీ తోడేశాను.
కొంచెం కొంచెంగా చలి విడిపించి వదిలితే
బోసి గాజుమీద నాలుగు కాళ్లూ ఆనించి నిలబడింది.
తెగిన కాలు మళ్లీ మొలిపించుకుంటుందట ఈ జీవి.
నాకు ముందుగా
తెయోని నిద్రలేపి చెప్పాల్సిన మాట ఒకటుంది.

వానపాము ముక్క దించాను.
చటుక్కున నోరు తెరిచింది.