చెల్లు

దర్గా సర్కిల్ దాటినాక జెరాక్స్ అంగట్లో
నా పేరు ఆరు పేజీలొచ్చింది.
పి. దేశమ్మ, గ్రీమ్స్‌పేట, చిత్తూరు.
పేజీకి మూడు రూపాయలు.
నాలుగో పేజీలో, ఎర్ర సిరా కూడా కాదు,
మామూలు నల్లక్షరాల్లో
నేనింకా బాకీ ఉండాను.

గ్రైండరు కొన్న అప్పది.
రెండు రాళ్లది, కోయంబత్తూరు సరుకు.
వీధులకు కట్టెలు అడ్డం కట్టేసిన ఆ జబ్బు కాలంలో
ఇడ్లీ పిండి కొనే దిక్కు లేక
ఏడు కంతులు తప్పినా.
తప్పినా. కాదనను.

అప్పుడొచ్చినాడు వసూలు పిల్లోడు, గుణశేఖర్.
హెల్మెట్ తీయకుండానే గడప అవతల నిలబడి
"సగం కట్టక్కా, సెటిల్ చేసేస్తాం" అన్నాడు.
సగం కడితే సగమే గదా నాయనా తీరేది?
చెవి కమ్మలు మార్వాడీ కాడ పెట్టి
మొత్తం కట్టినా. వడ్డీ, వడ్డీ మీద రుసుము,
రుసుము మీద ఇంకేందో.
పిల్లోడి నడుముకున్న చిన్న మిషను
కీచుమని ఒక చీటీ కక్కింది.
పొయ్యి గూట్లో పసుపు డబ్బాలో దాచినా.

మా నాయన బెల్లం మండీలో కాటా పట్టేవాడు.
ఎవురన్నా అప్పు తీరిస్తే షావుకారు
లెక్క మీద అడ్డంగా గీత గీసి
గీత పక్కన "చెల్లు" అని రాసి
ఒక బెల్లం పెళ్ల ఆ మనిషి చేతిలో పెట్టేవాడంట.
ఆయన మంచోడని చెప్పడం లేదు,
తూకం కాడ ఆయన వేలు ఎట్ల తిరిగేదో
మా నాయనకు తెలుసు.
అయినా గీత గీతే.

ఫ్రిజ్ కోసం లోను అడగబోతే
బ్యాంకు పాప తెర నా వైపు తిప్పింది.
"కట్టలేదని ఉంది కదండీ."
పసుపు డబ్బా తెరిచి చీటీ చేతికిచ్చినా.
తెల్లగా ఉండాది.
రెండేండ్ల పొయ్యి సెగకు అక్షరాలన్నీ ఆవిరై
వెలుతుర్లో పెడితే ఒక్క సున్నా కనిపించింది,
ఏ అంకె పక్కన నిలబడిందో మరి.

ఫిర్యాదు పెట్టినా. ముప్పై దినాలన్నారు.
జవాబొచ్చింది:
అప్పిచ్చినవాళ్లను విచారించినాం, వివరాలు సరిగ్గానే ఉన్నాయి.
పిల్లిని పిలిచి
ఉట్టి మీద పాలు ఏమైనాయే అని అడిగినట్టు.

వేలూరు రోడ్డులో చెరుకు రసం బండి కాడ
గొంతు విని ఆగినా.
మొగం ఎన్నడూ చూసింది లేదు, గొంతే.
"సగం గ్లాసా, ఫుల్లా అక్కా?"
ఫుల్లే నాయనా, నేనెప్పుడూ ఫుల్లే.
వాడు నన్ను చూసి మిషను ఆపేసినాడు.
"ఎవురూ గుర్తుపట్టకూడదనే గదక్కా
ఆ ఎండలో గూడా హెల్మెట్ తీసేవాణ్ని కాదు."
చేతులు తువ్వాలకు తుడుచుకోని
నా కాగితం మీద సంతకం పెట్టినాడు:
మొత్తం తీసుకున్నది నేనే.
ఆ మూల ఇంకా జిగటగానే ఉండాది.

కమ్మలు కుదువ పెట్టిన రసీదు, అదే తేదీది,
ఆ సంతకానికి పిన్ను కొట్టి
మూడోసారి రాసినా. ఈసారి నా మాటల్లోనే.

అయ్యా,
ఏడు నెలలు ఆలస్యమైంది నిజం.
దాన్ని చెరపమనడం లేదు,
ఆలస్యం నాది, అట్లే ఉండనీండి.
తీర్చిన దినం గూడా నాదే.
దాన్నీ రాయండి.

జెరాక్స్ పిల్లోడు అడుగుతా ఉండాడు,
"ఎన్ని కాపీలక్కా?"
రెండు తియ్యి.
ఒకటి వాళ్లకు.
ఒకటి ప్లాస్టిక్ వేసి నాకియ్యి,
పొయ్యికి దూరంగా పెట్టుకుంటా.
బిన్నా కానీ నాయనా,
పొద్దున నానేసిన ఉద్దిపప్పు
ఎవురి జవాబు కోసమూ ఆగదు.