చేయి పెట్టిన కారణం

చేతులు ఒళ్లో పెట్టుకు కూర్చోవడం నా ఉద్యోగం.
ఇరవై రెండేళ్లు లారీ తిప్పినవాణ్ణి,
ఇదీ ఒక పనేనని ఎవరికి చెప్పను?
గుణుపురం బస్టాండులో బెవర గున్నయ్య నవ్వాడు:
"జీతమిచ్చి నిన్ను సరుకు కింద ఎక్కించేసినార్రా."

స్టీరింగు దానంతటదే తిరుగుతుంది.
దెయ్యం పట్టినట్టు కాదు,
కొత్తగా బళ్లోకొచ్చిన మేస్టారిలా, పద్ధతిగా.
వెనక సీట్లో లిప్సా మేడమ్, ఒళ్లో లాప్‌టాప్.
నేనెప్పుడు చేయి పెట్టినా
ఒడియాలో అడుగుతుంది: కారణం?
తెలుగులో తలుచుకుని ఒడియాలో చెప్తాను,
ఆమె ఇంగ్లీషులో కొడుతుంది.
మూడు భాషలు దాటేసరికి
మేకపిల్ల అడ్డంకి అయిపోతుంది.

సోమవారం పదకొండుసార్లు.
రోడ్డు సగానికి ఆరబోసిన చోళ్లు.
బండి ఆగింది. ఆగే ఉంది.
అది దారో, గింజో దానికి తేలలేదు.
సవర ముసలమ్మ చేటతో లేచొచ్చి
అద్దంలోంచి తొంగి
ఒళ్లో ఉన్న నా చేతుల్ని చూసి
ఏదో అంది.
మేడమ్‌కి అర్థం కాలేదు. నాకయింది.
చెప్పలేదు.

బుధవారం మూడు.
శుక్రవారం ఒకటి, అదీ వానకి.
వంద కిలోమీటర్లు చేయి పడకుండా నడిస్తే
భువనేశ్వర్‌లో సంతకం పడుతుందట.

ఇవాళ తొంభై నాలుగు దాటాం.
మేడమ్ ఫోన్లో వాళ్లమ్మతో
మిఠాయి మాట కూడా అనేసింది.
రెండో ఘాటీ మలుపు.
బండి తగ్గింది, లెక్క ప్రకారం,
ముప్పై, ఇరవై ఎనిమిది.
ఎనిమిది కెమెరాలూ ఒకే మాట చెప్పాయి: ఎవరూ లేరు.

నా చేయి లేచింది.
హారన్ మీద పడింది.
పొడుగ్గా ఒకటి, పొట్టిగా రెండు.

కారణం?

పద్నాలుగేళ్ల కిందట ఇక్కడే
మా క్లీనరు జన్ని కైలాసు దిగి
టైరు కింద రాయి పెడుతున్నాడు.
పైనుంచి దిగిన బాక్సైటు లారీ
హారన్ కొట్టలేదు.
అప్పట్నుంచీ ఈ దారిన పోయే లారీవాళ్లం
కొడతాం.
ఎవరికని అడిగితే బీడీ వెలిగించుకుంటాం.

ఆమె వేళ్లు మీటల మీద ఆగి ఉన్నాయి.
జాబితాలో పదిహేడు కారణాలు,
గుంత, పశువు, పొగమంచు, ఇంకేవో.
"పాదచారి" అన్నాను.
మేడమ్ వెనక్కి తిరిగి చూసింది.
రోడ్డు ఖాళీ.
నా మొహం కూడా చూసింది కాబోలు,
కొట్టింది.
తొంభై నాలుగు చెరిగి సున్నా అయింది.

ఫారం అంతటితో ఊరుకోదు, ఇంకో గడి తెరిచింది.
పాదచారి ఎటు కదులుతున్నాడు?

"ఎటూ లేదు మేడమ్,
వంగి ఉన్నాడు."