రెండో గిన్నె

మార్చి నెల. ఆల్బ్ కొండల మీద మంచు ఇంకా పూర్తిగా పోలేదు,
జునిపర్ పొదల మొదట్లో పాత సున్నం పెచ్చుల్లా
అక్కడక్కడా అంటుకుని ఉంది.
కారు వెనక సీట్లో బిర్కె.
పదకొండేళ్లది. ఎక్కించాలంటే
ముందు కాళ్లు నేను, వెనక కాళ్లు ఓట్మార్ పట్టాలి.
దిగేటప్పుడు మాత్రం ఎవరి సాయమూ వద్దంటుంది.
దిగి, ఒక్క క్షణం,
ఏదో మరిచిపోయినదానిలా నిలబడిపోతుంది.
మరుపు కాదది.
నడుము కింద నొప్పి సర్దుకునేదాకా ఆగడం.

అందుకే ఈసారి
అడగవలసినవన్నీ కాగితం మీద రాసుకొచ్చాను.
ముప్ఫై ఏళ్లు ఊళ్లోవాళ్ల ఉత్తరాలు పంచినదాన్ని,
ఇంత పొడుగు ఉత్తరం నేను రాయడం ఇదే మొదలు:
తల్లి తుంటి ఎక్స్-రే. తండ్రిది కూడా. మోచేతులు.
తాతముత్తాతల్లో కాళ్లీడ్చినవాళ్లున్నారా?
పిల్లలు ఏ గదిలో పెరిగాయి, ఎవరి గొంతులు విన్నాయి?

హైల్విగ్ నవ్వలేదు. అందుకే నచ్చింది.
ఫిల్ములు తెచ్చి కిటికీ అద్దానికి ఆనించింది.
వెలుతురులో రెండు గుండ్రటి ఎముకలు
గూట్లో గుడ్లలా ఒదిగి ఉన్నాయి.
బిర్కె ఫిల్ములో ఆ గుడ్డు
గూటి అంచున ఉంది,
ఇవాళో రేపో జారేటట్టు.

తల్లిని చూపించమన్నాను.
వచ్చింది. నేలకి వాలిపోని తిన్నని వీపు.
నా బూటు వాసన చూసింది. చాలాసేపు చదివింది,
మా ముసలిదాని సంగతులన్నీ అందులోనే ఉన్నట్టు.

ఎనిమిది వారాల పిల్లలు ఆరు.
చెవులింకా ఎటు నిలబడాలో తేల్చుకోలేదు.
ఒకటి ఓట్మార్ బూటు తాడు పట్టి లాగుతోంది,
ఒకటి దాన్ని తొక్కి తాను లాగుతోంది.
తాళాలగుత్తి నేల మీదికి జారవిడిచాను.
ఖణేల్.
అన్నీ చెదిరిపోయాయి.
ఆకుపచ్చ రిబ్బను కట్టినది మాత్రం
నాలుగడుగులు పరిగెత్తి, ఆగి,
వెనక్కొచ్చి తాళాలు మూచూసింది.
భయపడనిదాన్ని నేను నమ్మను.
భయపడి తిరిగొచ్చినదాన్ని నమ్ముతాను.
పైగా మగది. ముసలి రాణికి
ఇంకో రాణి తోడు కుదరదు.

అప్పుడు ఓట్మార్ పొయ్యి వెనక్కి వంగాడు.
"ఫ్రీడెగార్ట్, ఇది మనల్నే చూస్తోంది."
అన్నిట్లోకి చిన్నది. ఎడమ వెనక కాలు
తనది కానట్టు పక్కకి పెట్టుకుని కూర్చుంది.

ఆ చూపు నాకు తెలుసు.
పదకొండేళ్ల కిందట ఒక గడ్డి కొట్టంలో,
కాగితాల్లేవు, ప్రశ్నల్లేవు,
సగం ధరకి తీసుకుని కోటులో పెట్టుకున్నాను.
ఈ కాగితం ఆ రోజు నా చేతిలో ఉండి ఉంటే
బిర్కె ఉండేది కాదు.

"నన్ను ఎక్స్-రే చూసే చేసుకున్నావా?" అన్నాడు ఓట్మార్.
"నీ మోకాలు ఇనుపదవుతుందని అప్పుడెవరు చెప్పారు?" అన్నాను.
హైల్విగ్ మొదటిసారి నవ్వింది.
"అది అమ్మకానిది కాదు. నాది.
నా మంచం కిందే పడుకుంటుంది," అంది.

నాకు కలిగింది ఊరటో, సిగ్గో,
ఇంకా తేలలేదు.

పెరట్లో ఆకుపచ్చ రిబ్బనువాడు
బిర్కె పొట్ట కిందనుంచి దూరి బోర్లా పడ్డాడు.
బిర్కె ఒక్కసారి గుర్రుమంది.
వాడు వెల్లకిలా తిరిగి పొట్ట చూపించాడు.
అది కొండల వైపు చూసింది.
సరే అనలేదు. వద్దనలేదు, అంతే.

ఇప్పుడు వంటింట్లో రెండు గిన్నెలు:
ఒకటి చెక్కపెట్టె మీద, మెడ వంచక్కర్లేకుండా;
ఒకటి నేల మీద, దాన్లో సగం నీళ్లు, సగం కాళ్లు.
పొద్దున్నే వాణ్ణి వెనకనుంచి చూస్తాను,
రెండు తుంట్లూ సమంగా కదులుతున్నాయా అని.
చూస్తున్నానని బిర్కెకి తెలియకూడదనుకుంటాను.

ఎముక ముదిరేదాకా మెట్లొద్దన్నాడు డాక్టరు వాడికి.
బిర్కెకి ఎప్పటికీ వద్దన్నాడు.
ఓట్మార్‌కి మోకాలు వద్దంటుంది.
మా ఇంట్లో ఇక మేడ మీదికెళ్లేది
నేనొక్కదాన్నే.
వెళ్లి, వెంటనే దిగొచ్చేస్తాను.