కొసరు

మా లూసియానా బజార్లలో
డజను పీతలు కొంటే పదమూడోది ఊరికే వేసేవాళ్ళు.
కొసరడగడం మా అమ్మ నేర్పిన విద్య.
అందుకే ఫోనులో ఆ అమ్మాయి
"మాజీ సైనికులకి పది శాతం తగ్గింపు" అనగానే
"ఇంకా?" అన్నాను.

ఓడలో ఖర్చుకి యాభై డాలర్లు.
ఎక్కేటప్పుడు అందరికంటే ముందు పిలుపు.
కిటికీ లేని గది ధరకే బాల్కనీ ఉన్న గది.
మూడోరోజు పదకొండింటికి కాఫీ, కేకు,
చొక్కాకి పెట్టుకోను ఒక పిన్ను.
"రుజువు కాయితం మాత్రం కావాలమ్మా."

కాయితం బిస్కెట్ల డబ్బాలో ఉంది,
కుట్టుమిషను సూదుల కింద.
క్లోవిస్ తెరియో. నౌకాదళం. బాయిలర్ గది.
గౌరవంగా విడుదల.
మడత దగ్గర సిరా చెదిరి
ఒక ఏడాది చదవడానికి రావడం లేదు.
ఏ ఏడాదని ఆయన్ని అడగలేదు.
యాభై ఏళ్ళ కాపురంలో
కొన్ని అడక్కపోవడం కూడా కొసరే.

"నాకు సముద్రం చూపిస్తావా?" అని నవ్వాడు,
పసిఫిక్‌ని మూడుసార్లు దాటిన మనిషి.
దాటడమంటే ఓడ కడుపులో, నీటిమట్టానికి కింద,
బనీను పిండుకుని మళ్ళీ తొడుక్కునే వేడిలో.
కిటికీ లేదు. పగలు లేదు.
పైన ఫిరంగి పేలితే పైపులు గజగజలాడేవట.
ఎవరికి తగిలిందో పైవాళ్ళకి తెలుసు,
మాకు ఆవిరి ఎంతుందో తెలుసు, అనేవాడు.
అంతవరకే అనేవాడు.

న్యూ ఆర్లిన్స్ రేవులో మమ్మల్నే ముందు పిలిచారు.
వెనక చంటిపిల్లనెత్తుకుని ఎవరో నిలబడి ఉన్నారు.
ఈ పెద్దమనిషి కదలడే!
బూటు లేసు ఊడిందని వంగాడు.
అవి లేసుల్లేని బూట్లు.
చంటిపిల్ల మమ్మల్ని దాటాకే లేచాడు.

సాయంత్రమంతా ఓడ మిసిసిపీలోనే నడిచింది.
గట్ల మీద రిఫైనరీ దీపాలు, తర్వాత చీకటి, తర్వాత ఇంకా నది.
సముద్రం వచ్చేదాకా మేలుకుందామని నిద్రపోయాను.
లేచేసరికి పక్క ఖాళీ.

బాల్కనీలో లేడు.
అట్టడుగు అంతస్తు నడవలో దొరికాడు,
చెప్పుల్లేకుండా, గోడకి అరచెయ్యి ఆన్చి,
పిల్లాడి జ్వరం చూస్తున్నట్టు.
"ఎడమ పక్క ఏదో బేరింగు ఎండింది" అన్నాడు,
"ఎవరికైనా చెప్పాలి."
తువ్వాళ్ళు మోసుకెళ్తున్న కుర్రాడు
"చెప్తాను సార్" అన్నాడు.
మర్యాదకన్నాడు. ఈయనకీ తెలుసు.
నేనూ చెయ్యి పెట్టి చూశాను.
నాకు గోడ తగిలింది.

మూడోరోజు ఏడుగురు మగవాళ్ళు, ఒక ఆడమనిషి.
ఎడారిలో లారీ నడిపిందట.
పేరు, ఏడాది, ఎక్కడ,
వరసగా చెప్పుకుంటూ వచ్చారు.
మా ఆయన వంతు వచ్చింది.
"కింద" అన్నాడు.
లారీ నడిపినావిడ ఒక్కతే తలూపింది.
కేకు బాగుంది. రెండో ముక్కడిగితే ఇచ్చారు.

ఆ రాత్రి నాలుగింటికి
భుజం తట్టి లేపాడు.
బాల్కనీ తలుపు బార్లా తీసి ఉంది.
చంద్రుడు లేడు. నీళ్ళ మీద ఓడ దీపాలు పడ్డంత మేర తప్ప
మిగతాదంతా ఊహించుకోవలసిందే.
రెయిలింగు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు.
ఆఖరికి, తూకంలో మోసపోయినవాడిలా,
"ఓజీలియా, ఇంత వెడల్పా?"

యాభైలో రెండు డాలర్ల నలభై సెంట్లు మిగిలాయి.
దిగేలోపు వాడకపోతే పోతాయన్నారు.
ఓడ దుకాణంలో అంతకి దువ్వెన కూడా రాదు.
నేను వాదించలేదు.
మా అమ్మ వింటే నమ్మదు.

ఇంటికొచ్చాక బట్టలు మిషన్లో వేశాను.
ఆ పిన్ను చొక్కా జేబులోనే ఉండిపోయినట్టుంది,
లోపల టకటక తిరుగుతోంది.
వరండాలోంచి కేకేశాడు:
"ఆపు, ఆపు. ఏదో ఊడింది."