కాపలా చుట్లు

పంచాంగంలో కుజుడి వక్రం రెండున్నర నెలలు,
శనిది నాలుగున్నర.
ఆ తేడా ఎందుకో అల్లూరు శాస్త్రుల్నడిగితే
కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

ఇస్కపల్లి రొయ్యల గుంట. ఏరియేటర్ల హోరు.
రాత్రంతా కట్ట చుట్టూ నా నడక.
బయటి పెద్దకట్ట మీద పోలయ్య లాంతరు,
నాకంటే కాస్త నిదానం.
పక్కనుంచి నేను దాటే కాసేపే
సరుగుడు తోపు మీద వెనక్కి జారి
మళ్లీ ముందుకు సాగుతుంది.

సముద్రంలో లంగరేసిన పడవ దీపమైతే
నా చుట్టులో ఇంచుమించు సగం
వెనక్కే పోతుంది,
కదలకుండానే.

మూడో గుంటలో తెల్లమచ్చ తేలింది.
శని వక్రించాడంటాడు ఓనరు.
చెబితే కూలి పోతుంది గానీ
మందుడాయన, దాదాపు ఉన్నచోటే ఉన్నాడు.

బీడీ ముట్టించి
ఇంకో చుట్టు మొదలెట్టాను.